కారు కన్నా ముందు ఇంటి ఎర్త్ చూసుకోవాలి

సంపాదకులు గారికి,

కరెంటు కారు కొనాలా వద్దా అన్న మాట ఎక్కడ లేచినా అది మైలేజీ దగ్గర మొదలై మైలేజీ దగ్గరే ఆగిపోతోంది. ఒకసారి చార్జి పెడితే ఎంత దూరం పోతుంది, నడిదారిలో ఆగిపోతే గతేమిటి అనే అడుగుతున్నారు. హైదరాబాదు, బెంగళూరు వాళ్లకు అవి సరైన ప్రశ్నలే కావచ్చు. గోదావరి డెల్టాలో రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకు మాత్రం దూరం పెద్ద చిక్కు కాదు. ఇంట్లో ఉన్న ప్లగ్ పాయింటు, దాని వెనక వైరు, ఆ వైరు చివర ఉండాల్సిన ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి దింపే ఏర్పాటు), వానాకాలం వాకిట్లో నిలిచే నీళ్లు, ఈ నాలుగే కారు అచ్చొస్తుందో లేదో తేల్చేవి. వైరింగు, సర్వీసు పనుల్లో ఉన్నవాళ్లం కాబట్టి ఈ సంగతి లెక్కలతో సహా రాస్తున్నాం.

ముందు దూరం లెక్క ముగించేద్దాం. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం రమారమి 65 కిలోమీటర్లు. యానాం మీదుగా కాకినాడ కూడా ఇంచుమించు అంతే. భీమవరం నుంచి తాడేపల్లిగూడెం 35 దగ్గర, పాలకొల్లు 20 పైచిలుకు. అంటే రానూపోనూ మన రోజువారీ తిరుగుడు 45 నుంచి 130 కిలోమీటర్ల లోపే. 24 యూనిట్ల బ్యాటరీతో 2022లో వచ్చిన టాటా కరెంటు కారు టియాగో ఈవీకి కంపెనీ చెప్పిన దూరం 315 కిలోమీటర్లు. అది పరీక్షలో వచ్చిన అంకె, రోడ్డు మీద రాదు. బ్యాటరీని అడుగంటా వాడం, రోజూ అంచు దాకా నింపం. పైనా కిందా 15 శాతం చొప్పున వదిలేస్తే చేతికొచ్చేది దాదాపు 17 యూనిట్లు. ఏసీ వేసుకుని యూనిట్‌కు 9 కిలోమీటర్లు అనుకుంటే 150. 17.3 యూనిట్ల ఎంజీ కామెట్ కారు అయితే ఇదే లెక్కన 110 దగ్గర ఆగుతుంది.

ఈ 9 కిలోమీటర్ల అంకె మన దగ్గర నిలబడటానికి కారణం మన నేలే. ఘాట్ లేదు, ఎత్తుపల్లాలు లేవు. ఎక్కేదల్లా బ్రిడ్జి అప్రోచులు, ఏటిగట్టు ర్యాంపులు. కాలువ గట్టు రోడ్ల మీద గేదెలు, కొబ్బరి లారీలు, కోత మెషిన్లు ఎవర్నీ 50 దాటి పోనివ్వవు. కరెంటు కారుకు కావాల్సింది సరిగ్గా ఆ వేగమే. అదే కారు రావులపాలెం దగ్గర 16వ నంబరు హైవే ఎక్కి 90 దాటిందంటే 9 కాస్తా 7కు పడిపోతుంది, గాలిని చీల్చడానికే సగం కరెంటు పోతుంది కాబట్టి. అందుకే ఒకే కారుకు ఒకరు 210 వస్తోందంటారు, ఇంకొకరు 150 కూడా రావట్లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

130 కిలోమీటర్లు తిరిగేవాళ్లు మాత్రం రెండు విషయాలు చూసుకోవాలి. ఏడెనిమిదేళ్లకు బ్యాటరీ 20 శాతం తగ్గిందనుకుంటే పై 150 కాస్తా 120 అవుతుంది. అప్పటికి ఆఫీసు దగ్గర రెండు గంటలు ప్లగ్గు దొరకాలి, లేదా ఇప్పుడే 35 యూనిట్ల టాటా పంచ్ ఈవీ లాంటి పెద్ద బ్యాటరీ కారు తీసుకోవాలి. రెండోది వారంటీ. చాలా మోడళ్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రోజుకు 130 చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే ఏడాదికి 39,000. నాలుగేళ్లు దాటి నెలో రెండు నెలలో అయ్యేసరికి ఆ వారంటీ అయిపోతుంది. షోరూములో ఎనిమిదేళ్లు అని చెప్పినది మీ వరకు నాలుగేళ్లే. ఇప్పుడు కొన్ని మోడళ్లకు మొదటి యజమానికి జీవితకాల వారంటీ అంటున్నారు. దాని షరతుల కాగితం అడిగి తీసుకుని చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక ఖర్చు. యూనిట్ ఐదారు రూపాయలేగా అని లెక్క వేసుకునేవాళ్లు స్లాబు సంగతి మరిచిపోతున్నారు. మన రాష్ట్రంలో 2022 నుంచి ఉన్న ఇంటి స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, ఆపైన 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, అది దాటితే 9.75. కారు తాగే కరెంటు ఎప్పుడూ మీ ఇంటి వాడకం మీద పైమెట్టులోనే పడుతుంది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే కారుకు, చార్జింగులో వేడిగా పోయేది కూడా కలిపితే, గోడ దగ్గర మీటరు చూపించేది సుమారు 190 యూనిట్లు. ఇల్లు అప్పటికే 200 వాడుతుంటే ఈ 190లో 25 యూనిట్లు ఆరు రూపాయల స్లాబులో, మిగతా 165 యూనిట్లు 8.75లో పడి 1,594 రూపాయలు పెరుగుతుంది. 80 యూనిట్లతో సరిపెట్టుకునే చిన్న కుటుంబానికి అదే 190 యూనిట్లు 1,196. రెండు ఏసీలతో 300 దాటే ఇంటికి 1,752. ఇంధన సర్దుబాటు, సుంకం దీని మీద వేరే. ఒకే కారు, ఒకే దూరం, ఒక్కో ఇంటికి ఒక్కో ధర. పక్కింటాయన లెక్క మీకు పనికిరాదు.

అయినా పెట్రోలుతో పోల్చి చూడండి. లీటరు 110, మైలేజీ 17 అనుకుంటే 1,500 కిలోమీటర్లకు 9,700. మిగులు నెలకు 8,000 పైనే. కారు ధరలో తేడా మూడున్నర లక్షలైతే 44 నెలల్లో తీరిపోతుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు మిగిలేది 2,700, తేడా తీరడానికి దాదాపు 11 ఏళ్లు. కాబట్టి రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే మేష్టారికి కరెంటు కారు డబ్బు మిగులుస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. హాయిగా ఉంటుంది, చప్పుడు ఉండదు, అది వేరే సంగతి. సీఎన్‌జీ కారుతో పోలిస్తే తేడా ఇంకా తగ్గుతుంది. కిలోకు 25 కిలోమీటర్లు ఇస్తే, కిలో 90 చొప్పున 5,400. మన కాళ్ల కింది నేలలోంచే గ్యాసు తోడుతున్నారు కాబట్టి ఆ బంకుల సంఖ్యా పెరుగుతోంది. రోజుకు 40 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు, ఇంట్లో సొంత పార్కింగు లేనివాళ్లు సీఎన్‌జీ గురించి కూడా ఆలోచించాలి.

ఇప్పుడు అసలు విషయం, ఇల్లు. కారుతో వచ్చే చార్జరు మామూలు 15 యాంప్స్ పవర్ ప్లగ్గులో పెట్టుకోవచ్చని చెబుతారు. పెట్టుకోవచ్చు. కానీ ఆ ప్లగ్గు గీజరుకో గ్రైండరుకో పెట్టినది. గీజరు పావుగంట నడిచి ఆగుతుంది. కారు ఐదారు గంటలు ఆగకుండా 13, 14 యాంపులు లాగుతుంది. సాకెట్‌లో స్క్రూ కాస్త వదులైనా ఆ గంటల్లో వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ఒక రాత్రి అంటుకుంటుంది. చార్జింగ్ మొదలైన గంటకు సాకెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అప్పుడే ఆపాలి. ఫ్యాక్టరీల్లో వాడే నీలం రంగు గుండ్రటి ఇండస్ట్రియల్ సాకెట్ వేయించుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది. అయితే చార్జరు ప్లగ్గు దానికి సరిపడాలి, లేకపోతే కంపెనీ ఒప్పుకునేలా మార్పించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దే వద్దు. వీధిలో నిలిపిన కారుకు కిటికీలోంచి 30 మీటర్ల సన్నవైరు లాగేవాళ్లున్నారు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు అంత పొడుగుంటే 14 యాంపుల దగ్గర 15 వోల్టులు దారిలోనే పోతాయి, 200 వాట్లకు పైగా వేడి ఆ వైరులోనే పుడుతుంది. చుట్ట చుట్టి ఉంచితే కరిగిపోతుంది.

చేయించాల్సిన పని పెద్దదేమీ కాదు. మీటరు బోర్డు నుంచి కారు నిలిపే చోటికి విడిగా లైను లాగాలి, మధ్యలో ఏ ఫ్యానూ లైటూ కలపకూడదు. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరే. బోర్డు దగ్గర 20 యాంపుల సి రకం ఎంసీబీ (లోడు మించితే లైను ఆపే స్విచ్), దానితో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్). ఈ రెండోదాన్ని డబ్బు కలిసొస్తుందని చాలామంది మానేస్తారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు పాత ‘AC’ రకం కాకుండా ‘A’ అని రాసి ఉన్న రకం అడగండి. చార్జర్లలో డీసీ లీకేజీ ఉంటే పాత రకం మొద్దుబారి లైను ఆపదు. 7.2 కిలోవాట్ల గోడ చార్జరు పెట్టించుకుంటే 32 యాంపులు లాగుతుంది. దానికి వైరు 6 చదరపు మిల్లీమీటర్లు, దూరం 25 మీటర్లు దాటితే 10, ఎంసీబీ 40. రాత్రంతా కారు ఇంటి దగ్గరే ఉండేవాళ్లకు ఇంత చార్జరు అక్కర్లేదన్నది మా అభిప్రాయం. రోజుకు వాడిన 10, 12 యూనిట్లు 3 కిలోవాట్ల చార్జరు ఐదు గంటల్లో నింపేస్తుంది.

ఎర్త్ సంగతి కొంచెం సాగదీసి చెప్పాలి, ఎక్కువ తంటా దీనితోనే. షోరూము నుంచి తెచ్చిన రాత్రే చార్జరు మీద ఎర్రలైటు వెలిగి చార్జింగ్ కాదు. కారులో లోపం అనుకుని షోరూముకు ఫోన్లు చేస్తారు. పదిలో ఎక్కువ ఇళ్లలో తప్పు మూడోపిన్నుది. పాత పెంకుటిళ్లలో, మిద్దెలైనా ముప్పై ఏళ్ల నాటి వాటిలో, సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా ఎర్త్ రంధ్రం వెనక వైరే ఉండదు. ఉన్నా పెరట్లో పైపు ఎప్పుడో తినేసి ఉంటుంది. మన నేలలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, 2.5 మీటర్ల జీఐ పైపు దింపితే 5 ఓములకన్నా తక్కువ రావడం కష్టం కాదు. సముద్రం వైపు, రొయ్యల చెరువుల పక్కన మాత్రం ఆ ఉప్పునేలే పైపును తింటుంది. అలాంటి చోట బొగ్గు, ఉప్పు పోసే పాత పద్ధతి మానేసి, రాగిపూత కడ్డీ దింపి చుట్టూ బెంటొనైట్ (చెమ్మ పట్టి ఉంచే బంకమట్టి) పొడి పోయించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇది తప్పనిసరి అనుకోండి. మల్టీమీటరుతో చూసేటప్పుడు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత రావాలి. చార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య నాలుగైదు వోల్టులు దాటకూడదు.

ఎర్త్ లేదని తేలగానే కొందరు కుర్ర మెకానిక్కులు చేసే పని ఒకటుంది. సాకెట్ వెనక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు చిన్న తీగతో కలిపేస్తారు. ఎర్రలైటు పోతుంది, కారు చార్జి అవుతుంది, వాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. ఇప్పుడు కోనసీమలో ఈదురుగాలికి ఏం జరుగుతుందో తలుచుకోండి. కొబ్బరి మట్ట వచ్చి లైను మీద పడుతుంది, స్తంభం దగ్గర న్యూట్రల్ తెగుతుంది. ఇంటికి వచ్చే ఫేజు మాత్రం అలాగే ఉంటుంది. ఆ క్షణంలో న్యూట్రల్‌కు కలిపిన ఎర్త్ గుండా కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు ఎక్కుతాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా తలుపు తీయబోయిన మనిషి ప్రాణం పోతుంది. ఇలా చేసి ఉంటే ఈ రోజే విప్పించండి. న్యూట్రల్ తెగినప్పుడు ఇంకో ప్రమాదం కూడా ఉంది. మూడు ఫేజుల లోడు సమంగా లేక మీ ఇంటికి 300 వోల్టులు దాటి రావచ్చు. దానికి బోర్డులో ఓవర్ వోల్టేజీ కటాఫ్ పెట్టించుకోవాలి, టీవీలూ ఫ్రిజ్జులూ కూడా దానితోనే బతుకుతాయి.

వోల్టేజీ తక్కువ సంగతి తెలిసిందే. ట్రాన్స్‌ఫార్మరుకు చివరి ఇళ్లలో సాయంత్రం 190కి పడిపోవడం కొత్త కాదు, పక్కనే చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటే మరీను. కారు చార్జరు లాగే యాంపులు మారవు కాబట్టి 230 దగ్గర 3 కిలోవాట్లు ఇచ్చేది 190 దగ్గర రెండున్నర ఇస్తుంది, ఐదు గంటల పని ఆరు గంటలవుతుంది. 180 కిందికి పోతే చాలా చార్జర్లు ఆగిపోతాయి. స్టెబిలైజరు కొనకండి. కారులోని టైమరును రాత్రి 11 నుంచి 5 వరకు పెట్టుకోండి, అప్పుడు వోల్టేజీ తేరుకుంటుంది, బండి కూడా చల్లబడి ఉంటుంది. ఇంటి ఇన్వర్టరు మీద చార్జి చేద్దామన్న ఆలోచన రానీయొద్దు. 900 వీఏ ఇన్వర్టరు దీనికి ఏ మూలకూ రాదు.

పాత సర్వీసుల్లో కాంట్రాక్టు లోడు, అంటే ఇంటికి మంజూరైన లోడు, ఒకటో రెండో కిలోవాట్లే రాసి ఉంటుంది. బిల్లు మీద చూసుకుని, కారు కొనక ముందే అదనపు లోడుకు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టుకోవాలి. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం సర్వీసు వైరు పాతదైతే, గంటు పడిన చోట గుడ్డపేలిక చుట్టి ఉంటే, అదీ మార్పించుకోవాలి. ఫ్లాట్లలో ఉండేవాళ్లు తమ మీటరు నుంచే తమ పార్కింగుకు లైను తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారు చార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది. అసోసియేషన్ వాళ్లకు ఆ కాగితం చూపించండి. అయితే పార్కింగు సెల్లారులో ఉంటే, ఆ సెల్లారులోకి వానాకాలం నీళ్లొస్తుంటే, అనుమతి వచ్చినా వద్దనే చెబుతాం.

సోలార్ పెట్టించుకుంటే కారు ఖర్చు ఇంకా దిగుతుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు కేంద్రం రాయితీ 78,000. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి, 190 యూనిట్ల కారుకు సగం నెల చాలు. పగలు కారు ఊళ్లో ఉండదు కదా అంటే, నెట్ మీటరు ఉంటే పగలు పంపిన యూనిట్లు రాత్రికి లెక్కలో కలిసిపోతాయి. కోనసీమలో అడ్డొచ్చేది కొబ్బరి చెట్టే. ఒక్క మట్ట నీడ ఒక్క పలక మీద పడినా వరుస మొత్తం నీరసపడుతుంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా నీడ ఎటు తిరుగుతుందో రెండు మూడు రోజులు చూసి పలకలు పెట్టించాలి. ఇంకో సంగతి సోలార్ అమ్మేవాళ్లు చెప్పరు. ఊళ్లో కరెంటు పోతే మామూలు నెట్ మీటరు సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మేన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారు చేశారు. తుపాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేకపోతే పైన ఎండ కాస్తున్నా కారు నిండదు.

నీళ్ల సంగతికి వద్దాం. బ్యాటరీకి ఐపీ 67 అని రాసి ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి రావని దాని అర్థం, అదీ కొత్త బ్యాటరీ, మంచినీళ్లు, కదలకుండా ఉంటేనే. గతుకులకు, పల్లెల స్పీడ్ బ్రేకర్లకు అడుగు గీసుకుని సీలు దెబ్బతిన్న ఆరేళ్ల బ్యాటరీకి ఆ మాట వర్తించదు. వాన నీళ్లలో నెమ్మదిగా దాటడానికి పెట్రోలు కారు కన్నా ఇదే మేలు, ఇంజిన్‌లోకి నీళ్లు పీల్చే గొట్టమే లేదు. కానీ పారే నీళ్లలోకి ఏ కారునూ దింపకూడదు. కనకాయలంక కాజ్‌వే మీద వరద పారుతుంటే కారు బరువు 1,200 కిలోలున్నా నిలవదు.

ఉప్పునీళ్లు మరీ ప్రమాదం. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుపాను ముంచెత్తాక, సముద్రపు నీళ్లలో మునిగిన కరెంటు కార్లు కొన్ని నీళ్లు తీసిన తర్వాత తగలబడ్డాయి. ఉప్పునీరు లోపలికి చేరితే ఆరిపోయాక కూడా ఉప్పు పొర కరెంటును మోస్తుంది, రోజుల తర్వాత షార్టవుతుంది. 1996 నవంబరు 6 తుపానుకు ఉప్పెన ఎంత లోపలికి వచ్చిందో కోనసీమ తీరంలో పెద్దవాళ్లను అడగక్కర్లేదు, ఇళ్ల గోడలే చెబుతాయి. బండి మునిగిందంటే స్విచ్ వేయొద్దు, చార్జి పెట్టొద్దు, ఇంటి గోడకు ఆనించి ఉంచొద్దు. ఖాళీ స్థలంలో 15 మీటర్ల దూరంలో వదిలి, సర్వీసు సెంటరుకు చెప్పాలి. తాడు కట్టి లాగించకూడదు. చక్రాలు తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే బల్ల లారీ మీదే తీసుకెళ్లాలి. ఇన్సూరెన్సులో బ్యాటరీకి, చార్జరుకు విడిగా కవర్ తీసుకున్నారా లేదా అప్పుడు చూసుకుంటే ఆలస్యమవుతుంది.

గోదావరి వరదకు మనకు వ్యవధి ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉండేవాళ్లు మొదటి హెచ్చరిక నాడే కారును 80 శాతానికి నింపి గట్టు ఇవతలికి తెచ్చేయాలి. రెండోదాని దాకా ఆగితే కాజ్‌వేలు మునుగుతాయి. వాయుగుండం వార్త వినగానే తీరంలో కూడా అదే. సాకెట్ బిగించేటప్పుడు నేల నుంచి నాలుగడుగుల పైనే పెట్టండి, 1986 వరద గుర్తు గోడ మీద ఉన్న ఇళ్లలో దానికి పైన. చార్జరు డబ్బా నేల మీద వదలకుండా గోడకు తగిలించాలి. కేబుల్ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి, అప్పుడు వాన చుక్కలు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఇదే కారు తుపాను తర్వాత అక్కరకు రావచ్చు కూడా. 2023లో మార్చిన టాటా నెక్సాన్ ఈవీ లాంటి కొన్ని మోడళ్లలో బ్యాటరీ నుంచి బయటికి 230 వోల్టులు తీసుకునే వీలుంది. ఫ్రిజ్జు, నాలుగు ఫ్యాన్లు, లైట్లు రోజుకు ఐదారు యూనిట్లు. 40 యూనిట్ల బ్యాటరీలో సగం వాడినా మూడు రోజులు గడుస్తాయి. కానీ ఆ కరెంటును ఇంటి బోర్డులోకి ఎదురు ఎక్కించకూడదు, సామాన్లకు విడిగా ఇచ్చుకోవాలి.

చిన్న చిన్నవి కొన్ని. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోతే కారు లేవదు, రిమోటుతో తలుపులు కూడా తెరుచుకోవు. మూడేళ్లు దాటితే దాన్ని పరీక్ష చేయించండి. బ్రేకులు తక్కువగా వాడతాం కాబట్టి తీరంలో డిస్కులు తుప్పుపడతాయి. రెండు రోజులకోసారి గట్టిగా ఒక బ్రేకు నొక్కితే చాలు. వరి కోతలప్పుడు ఎలుకలు ఇంజిన్ గదిలో చేరి వైర్లు కొరుకుతాయి. పెట్రోలు కారుకైతే పది రూపాయల టేపు, ఇక్కడ నారింజ రంగు హైవోల్టేజీ కేబుల్ కొరికితే బిల్లు వేలల్లో, దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు కూడా. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించేటప్పుడు ఏటవాలు పలక అంచు అడుగున తగలకుండా చూసుకోవాలి, అక్కడ తగిలేది బ్యాటరీ పెట్టెకే. నీడ కోసం కొబ్బరి చెట్టు కింద ఆపకూడదని ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం తిరిగొచ్చిన బండికి వెంటనే చార్జి పెట్టకండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే వారానికోసారి నూరు శాతం నింపాలి, లేకపోతే మీటరు చూపించే శాతం తప్పుతుంది. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజూ 80తో ఆపండి. ఏ రకమో యజమాని పుస్తకంలో ఉంటుంది.

సంక్రాంతికి హైదరాబాదు వెళ్లిరావడానికి ఈ చిన్న బ్యాటరీ కారు పనికిరాదని నిర్మొహమాటంగా చెప్పాలి. హైవేలో 80 నుంచి 10 శాతం దాకా వాడితే 110 కిలోమీటర్లకోసారి ఆగాలి, ఆగిన ప్రతిసారీ గంట, ముందు ఇద్దరుంటే మూడు గంటలు. బయట ఫాస్ట్ చార్జింగ్ యూనిట్ ధర ఇంటి ధరకు రెండింతల పైమాటే. కామెట్‌కైతే డీసీ ఫాస్ట్ చార్జింగే లేదు. ఏడాదికి నాలుగు దూర ప్రయాణాలుంటే రైలెక్కండి, లేదా అద్దెకు తీసుకోండి. నెలకు నాలుగుంటే ఈ కారు వద్దు. కోనసీమ లోపల చార్జింగ్ స్టేషన్లు ఇంకా తక్కువ, యాప్‌లో కనిపించినవన్నీ పనిచేస్తాయని కూడా లేదు. బయలుదేరే ముందు అక్కడికి ఫోను చేసి అడగడం మంచిది.

డిస్కం అధికారులకు రెండు మాటలు. కొత్త కారు రిజిస్ట్రేషన్ అయినప్పుడే ఆ ఇంటి ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత లోడు ఉందో చూసే పద్ధతి పెడితే బాగుంటుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద నాలుగు కార్లు ఒకే రాత్రి 3 కిలోవాట్ల చొప్పున లాగితే దాని సామర్థ్యంలో దగ్గర దగ్గర సగం అక్కడే పోతుంది. ఎర్త్ పరీక్షను కూడా అదనపు లోడు మంజూరుతో పాటు లైన్‌మేన్ చేత చేయించాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. వరద రోజుల్లో జిల్లా పేజీలో ధవళేశ్వరం నీటిమట్టం వేసే పెట్టె ఉంటుంది కదా, దాని కింద గట్టు ఇవతల కార్లు నిలుపుకోడానికి అధికారులు చూపించిన మెరక స్థలాలు, ఆ రోజు పనిచేస్తున్న చార్జింగ్ స్టేషన్లు ఒక్క వరుసలో వేయండి.

ఇట్లు,
ఎలక్ట్రికల్ పనివాళ్లం కొందరం,
రావులపాలెం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.